హెల్మెట్ పెట్టుకుంటే ఎవరూ ఎక్కడం లేదు

అమ్మా అమోడింగ్,

నువ్వు పంపిన హెల్మెట్ నా తలకు సరిగ్గా పట్టింది. మీ ఆసుపత్రికి వచ్చే పగిలిన తలల గురించి నువ్వు రాసింది చదివాక, ఇంటి దగ్గరే పెట్టుకుని బండి తీస్తున్నాను.

చిక్కేమిటంటే, ఇక్కడ నాలా కిరాయికి బండి మీద జనాన్ని ఎక్కించుకునేవాళ్లందరూ హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించుకుని, తారు రోడ్డు మీద పోలీసులుంటారని అక్కడికి వెళ్లాకే పెట్టుకుంటారు. అందుకని నేను తారు రోడ్డెక్కి సొరోటి పట్నం వెళుతున్నాననుకుని, సంతకు పోయేవాళ్లు చెయ్యెత్తడం మానేశారు. పైగా, "పెద్దాయనా, పట్నంలో మా తమ్ముడికిచ్చెయ్" అని కోళ్లు చేతిలో పెడుతున్నారు. కాదనలేక రెండుసార్లు వెళ్లొచ్చాను. ఇలాగైతే తిండి గడవదని, నీకు చెప్పకుండా హెల్మెట్ తీసేద్దామనుకున్నాను.

నిన్న చిలగడదుంపలమ్మే అపోలోత్ దారికడ్డంగా నిలబడింది.

"ఏమయ్యా, రోజూ పట్నమేనా?"

"సంతకే. ఎక్కు" అన్నాను.

తలగుడ్డ సర్దుకుని, బుట్టతో సహా ఎక్కి, "నీ తల భద్రంగా దాచుకున్నావు. నాదేమన్నా దుంపా?" అని వీపు మీద ఒక్కటి వేసింది. సంత దాకా నవ్వుతూనే ఉంది. దిగాక, "అది తియ్యకు. సంతకే పోతున్నావని అందరికీ నేను చెబుతాలే" అంది. ఈ రోజు పొద్దున్నే ఐదుగురు ఎక్కారు.

కాబట్టి ఇంకొక హెల్మెట్ పంపగలవా? ఎక్కేవాళ్లందరి కోసమేనమ్మా. తలగుడ్డ కట్టుకున్నా పట్టేంత పెద్దది చూడు. నీలం రంగైతే తనకు బాగుంటుందట.

మీ నాన్న