చిన్నికి రాసిన క్రీము

14 జూన్ 2004, సోమవారం, రాజమండ్రి

ఈ ఉదయం ఏడింటికి అక్క కూతురు చిన్ని పెద్దమనిషి అయింది. దాని వయసు ఎనిమిదేళ్లు.

నేను పెద్దాపురంలో అక్క ఇంటికి చేరేసరికి పిల్లను చాప మీద కూర్చోబెట్టి నువ్వుల చిమ్మిలి పెడుతున్నారు. "ఇవాళ స్కూలు తెరిచారు కదా మావయ్యా, నన్నెందుకు పంపలేదు?" అంది.

బ్రాయిలర్ కోడి వల్లేనని చుట్టాలు తేల్చేశారు. నా పోరు పడలేక పిలిచిన డాక్టరమ్మ మాత్రం ఒంటికి ఏం రాస్తున్నారని అడిగింది. అక్క క్రీము డబ్బా తెచ్చింది. పిల్ల నలుపు తగ్గాలని రెండేళ్లుగా రాస్తోందట! డబ్బా మీద తెల్లటి అమ్మాయి బొమ్మ ఉంది, ధర ఉంది. లోపల ఏముందో లేదు.

"ఇదే కారణమని చెప్పలేనండి. ఇలాంటివాటిలో కొన్నిట్లో హార్మోన్లు కలుపుతారు. ఏముందో తెలియకుండా కాదనీ అనలేను" అంది డాక్టరమ్మ.

డబ్బా మీది నంబరుకు ఫోన్ చేశాను. "అది మా సీక్రెట్ ఫార్ములా అండి" అన్నాడు ఎత్తిన కంపెనీ మనిషి. రెండేళ్లు పిల్ల చర్మంలోకి ఇంకిన సరుకు పేరు తల్లికి కూడా చెప్పడట.

డాక్టరమ్మ టెస్టులకు వెళ్లమన్న కాకినాడ పెద్ద డాక్టరు శుక్రవారమే చూస్తారు. ఫంక్షనూ ఆ రోజే.

"టెస్టులు తర్వాత చూద్దాంలేరా. అందరినీ పిలిచేశాం. నువ్వు పట్టు పరికిణీ తే చాలు" అంది అక్క.

మేనమామ బట్టలు రానిదే పిల్లను పీటల మీద కూర్చోబెట్టరు. నేను కొననని చెప్పి వచ్చేశాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి వాళ్ల గుమ్మం ముందుకు నేను మాట్లాడిన కారు వస్తుంది. పదింటికి కాకినాడలో చిన్నికి రక్తపరీక్ష, ఎక్స్‌రే.