స్టేడియానికి ఎత్తిన చెయ్యి

మంగళవారం, నల్లగొండ

ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలా వద్దా అని ఈరోజు సభ పెట్టారు. ఒకప్పుడు జిల్లా జట్టు గోల్‌కీపర్‌నని నన్ను వేదిక ఎక్కించారు. పెద్ద క్లబ్బు వస్తుందని, మన పిల్లలు పచ్చికమీద ఆడతారని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడు మల్లయ్య లేచాడు. ఆ జట్టులో నా ముందు నిలబడి బంతిని ఆపినవాడు. ఇప్పుడు గొర్రెలు కాస్తున్నాడు. స్టేడియానికి చూసిన స్థలం అవి మేసే బీడే.

"ఖాదర్ భాయ్, నువ్వు చెప్పింది మంచిగనే ఉంది. గా జాగ పోతె నా గొర్లను యాడ మేపాలె? జర నువ్వే చెప్పు," అన్నాడు.

అయినా చేతులెత్తమన్నప్పుడు స్టేడియం కావాలనే ఎత్తాను. వయసులో ఉన్నప్పటినుంచీ కోరుకున్నది మరి, ఎలా వదులుకోను?

బయటికొస్తే మల్లయ్య నా స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. తిడతాడేమో అనుకున్నాను.

"మోకాలు నొప్పి తగ్గిందా? బండి నేను నడపాల్నా?" అన్నాడు.

తగ్గిందని అబద్ధం చెప్పాను. ఇల్లు చేరేదాకా వాడి వెనక కూర్చునే ధైర్యం నాకు లేకపోయింది.