పనికిరాదని రాసిన చీటీ

పంతులమ్మా,

పిల్లల లెక్కలు దిద్దే చేత్తో ఈ ఉత్తరాన్నీ దిద్దుతావని తెలుసు, ఎర్ర సిరా దగ్గర పెట్టుకునే చదువు. నువ్వు మీ అక్కయ్య ఇంటికి వెళ్ళి నలభై రోజులైంది. "మీ అమ్మగారు చెప్పినట్టు ఇంకో పెళ్ళి చేసుకోండి, నేను అడ్డు రాను" అని గుమ్మంలో నిలబడి నువ్వన్న మాటకు ఇప్పుడు జవాబు చెబుతాను. కాస్త డొంకతిరుగుడుగా వస్తుంది. ఎలుకల గురించి తప్ప నాకు మాట్లాడటం చేతకాదని నువ్వే అంటావుగా!

ఎలుకపిల్లను చేతిలో పెడితే ఆడో మగో చిటికెలో చెబుతాను. తోక మొదలుకూ మూత్రం పోసే చోటుకూ మధ్య ఎడం ఎక్కువైతే మగ, తక్కువైతే ఆడ. మా ల్యాబులో ఎలుకల్ని సాకుతున్న ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారీ తప్పు పోలేదు. ఆ ధీమాతోనే ఈసారి తోక కొస కత్తిరించి చేసే జన్యు పరీక్ష ఫలితం చూడకుండా ఒక మగదాన్ని జతకు వదిలాను. జత కట్టింది, మర్నాడు ఆడదాని ఒంటి మీద జతకట్టిన గుర్తూ కనబడింది. మూడు వారాలు దాటినా పిల్లల్లేవు. ఆడదాన్ని మార్చాను. మళ్ళీ లేవు. ఇంకోదాన్ని పెట్టాను, అంతే సంగతులు. మూడు ఆడ ఎలుకల బోనులకు తగిలించిన చీటీల మీదా 'పనికిరాదు' అని రాసి, పరిశోధన నడిపే మా మేడమ్‌కు చూపించాను.

"ఆడదాన్ని మార్చుకుంటూ పోయావు. మగదాన్ని ఒక్కసారైనా మార్చాలనిపించలేదా?" అందావిడ.

"అదెందుకండీ! చూడండి ఎంత దిట్టంగా ఉందో!"

ఆవిడ ఫలితం కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. క్రోమోజోముల్లో మామూలుగా ఆడ ఎలుకకు రెండు ఎక్స్‌లు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. ఈ దిట్టమైన పెద్దమనిషికి ఉన్నవి రెండు ఎక్స్‌లే! వై మీద ఉండే ఒక్కగానొక్క జన్యువును మేడమ్ వాళ్ళు దాని వంశంలో చేర్చారట. కడుపులో ఉండగా ఆ ఒక్కటి పని చేస్తే చాలు, అండాశయం కావలసింది వృషణమవుతుంది. తక్కిన ఒళ్ళంతా దాని వెనకే నడుస్తుంది. అంత చిన్నదానికి ఎంత పెత్తనమో చూడు! నేను నోరు తెరుచుకుని విన్నాను. కాని వీర్యకణాలు తయారు కావాలంటే వై మీదే ఉండే వేరే జన్యువులు కూడా కావాలి. అవి దీనికి లేవు.

మేడమ్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ మూడు ఆడవాటినీ వేరే మగదానితో పెట్టించింది. ఎనిమిది, ఏడు, తొమ్మిది పిల్లలు! ఆవిడే కలం తీసి మూడు చీటీల మీదా నా మాట కొట్టేసింది. "చూసింది రాయి, అనుకున్నది రాయకు" అంది. ఎంత గొప్ప మనిషో!

అమ్మ నిన్ను ఆ 'పనికిరాదు' మాటే అన్న రోజు నేను పక్క గదిలోనే ఉన్నాను. టీవీ గొంతు పెంచాను. నాలుగేళ్ళు నిన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పి, బయట బెంచీ మీద పేపరు చదువుకున్నాను. పోయిన సోమవారం నేనే వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. నా వీర్యంలో ఒక్క కణమూ లేదు. రెండోసారి చూసినా అదే మాట. లోపం నాది. సిగ్గుతో చచ్చిపోతూ రాస్తున్నాను. నీకు పిల్లలంటే ప్రాణం. నువ్వు వేరే దారి చూసుకుంటే తప్పు పట్టను. రమ్మనే హక్కు నాకు లేదు. నువ్వు లేని ఇంట్లో మాత్రం ఏమీ బాగోలేదు.

నీ
ఎలుకలాయన

*

ఎలుకలాయనగారికి,

రెండు అక్షరదోషాలున్నాయి, వదిలేశాను. మీ పెద్దమనిషిని తలుచుకుని అక్కయ్యా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. కింది పేరా చదివాక నాకు ఏడుపు ఆగలేదు.

నా దాపరికమూ ఒకటుంది. నాలో ఏ లోపమూ లేదని డాక్టరుగారు రెండేళ్ళ కిందటే తేల్చారు. "మీ ఆయన్ని లోపలికి పిలువమ్మా" అన్నారు. మీరు బెంచీ మీదే ఉన్నారు. నేను పిలవలేదు. మీ తల వంగడం చూడలేననుకున్నాను. అత్తయ్యగారి మాటలన్నీ నేనే పడ్డాను. నేను వచ్చేసింది పిల్లల్లేరని కాదు. 'నన్ను కూడా చూపించుకోమంటావా' అని మీ అంతట మీరు అడుగుతారని చూసి చూసి, విసిగిపోయి వచ్చేశాను.

మీరు అడగలేదు, నేరుగా వెళ్ళి చూపించుకున్నారు. ఆ కాగితం చింపి పారేసే మగవాళ్ళే ఎక్కువ. మీరు దాన్ని నాకు రాసి పంపారు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మీ మేడమ్‌కు నా నమస్కారాలు చెప్పండి.

పిల్లల్ని తెచ్చి పెంచుకుందామో, ఇద్దరమే ఉందామో కూర్చుని మాట్లాడుకుందాం. ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. అత్తయ్యగారికి మాత్రం ఈ సంగతి నేను చెప్పను. మీరే చెప్పాలి. చెప్పేటప్పుడు మీ పక్కనే కూర్చుంటాను.

మీ
పంతులమ్మ