గ్యాసంతా తాగేసిన బీరు

డెరిక్,

చేపలు పట్టుకొచ్చినా వేయించడానికి పొయ్యి వెలగదు. లైటర్‌ని తిట్టకు, గ్యాస్ అయిపోయింది. మన ఇంగ్లండు సిలిండర్‌ని ఫ్రాన్సులో ఎవరూ మార్చివ్వరని బయల్దేరేముందే మొత్తుకున్నాను. "ఎక్కడైనా సిలిండర్ సిలిండరేనే నోరీన్" అన్నావు. నీ నడుము పట్టేస్తుందని ఆ ఖాళీ దాన్ని నేనే ఊళ్లోకి మోసుకెళ్లాను. కొట్టాయన దాన్ని, నన్ను మార్చి మార్చి చూసి జాలిగా తల అడ్డంగా ఊపాడు.

ఇంత తొందరగా ఎలా అయిపోయిందా అని, కారు వెనక లాక్కొచ్చిన ఈ క్యారవాన్ ఇల్లంతా వెతికాను. బయటి నుంచి కరెంటు వైరు తెచ్చి తగిలించిన మహానుభావుడివి, కరెంటుతోనూ గ్యాస్‌తోనూ నడిచే ఈ ఫ్రిజ్ మీట మాత్రం గ్యాస్ మీదే వదిలేశావు. నాలుగు రోజులుగా నా వంట గ్యాసంతా నీ బీరు చల్లబరచడానికే తగలబడింది. మీట నేను తిప్పేశాను. నీ తెలివితేటలు దాని మీద మళ్లీ చూపించకు.

పక్క క్యారవాన్‌లో ఉన్న డచ్చావిడ భోజనానికి పిలిచింది, వెళ్తున్నాను. నీకు డబ్బాలో ఉడికిన చిక్కుడు గింజలున్నాయి. చల్లగానే తిను.

నోరీన్

తా.క. ఫ్రిజ్‌లో బీరు కోసం వెతక్కు. అంత గ్యాస్ తాగిన బీరు ఎలా ఉంటుందో ఆవిడకీ రుచి చూపిద్దామని మొత్తం పట్టుకెళ్తున్నాను.