కుంకుడు గింజలు

మంగళవారం, రాత్రి

షాంపూ నీళ్లు మోరి కాల్వల కలుపుడెందుకని నిరుటి సంది నేను, బిడ్డ కుంకుడుకాయలతోనే తల కడుక్కుంటున్నం. మంచాల ఊరి నుంచి అక్క బస్సుల పంపేది. పొద్దుగాల ఉన్న కాయలన్నీ కొట్టి నానబెట్టిన. గింజలు చెత్తబండిల ఏసిన.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "చెల్లె, మన చేని గట్టు మీది కుంకుడు చెట్టు కొట్టేసిన్రు. పక్క చేన్ల ప్లాట్లు చేస్తున్నరు. నీ తాన గింజలుంటే దాచు."

బండి కోసం ఉరికిన. ఎప్పుడో పోయింది. దొరికినా కిరాయింట్ల యాడ నాటుదును?

సాయంత్రం బిడ్డ తల రుద్దుకుంట, "నురగ మస్తుగొస్తుందే అమ్మా" అని నవ్వింది. ఇదే ఆఖరిదని చెప్పలే.

రేపు షాంపూ ప్యాకెట్లు తేవాలె. ఖాళీ ప్యాకెట్లు గూడ గదే బండిల ఏస్త.