రెండో గేటు స్వాగత బోర్డు

శ్రీయుత భవన నిర్వహణాధికారి గారి సముఖమునకు, రాయదుర్గం.
అర్జీదారు: రేణుక, హౌస్‌కీపింగ్, నివాసం బోరబండ.

అయ్యా,

విషయం: రెండో గేటు వద్ద గల స్వాగత బోర్డుపై అక్షరాలు మార్పించుట గురించి.

సదరు బోర్డు మీద ఫోటోలో ఉన్న సెక్యూరిటీ గార్డు పెంటయ్య నా భర్త. ఫోటో తీసిన పూటే గుండెపోటుతో చనిపోయినారు. తమకు తెలిసినదే. ఐనను ఈ కింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. కారు వచ్చినప్పుడల్లా గార్డు ఛాతీ మీద చేయి పెట్టి తల వంచవలెనని మన భవనంలో నియమం కలదు. ఆ ఉదయం నా భర్త కారు లేనప్పుడు కూడా చేయి తీయలేదు. అది మర్యాదగా భావించడమైనది. సూపర్‌వైజర్ చైతన్య గారు "మర్యాదంటే గిట్లుండాలె, అందరు పెంటన్నను జూసి నేర్చుకోండ్రి" అని ఫోటో తీసినారు.

2. ఫోటోలో ఆయన నవ్వుట లేదు. పళ్లు బిగబట్టినారు. దవడ నొస్తున్నదని ఇంటి దగ్గరే అన్నారు. పిప్పిపన్ను అనుకొని లవంగం పెట్టుకొని డ్యూటీకి వచ్చినారు.

3. చలికాలం పొద్దున చొక్కా మొత్తం చెమటతో తడిసినది. ఎడమ భుజం గుంజుతున్నదని, ఛాతీ మీద బండ పెట్టినట్టున్నదని తోటి గార్డు సాయిలుతో చెప్పినారు. "గ్యాస్ గావచ్చు, సోడా తాగన్నా" అన్నాడు సాయిలు. అతన్ని తప్పు పట్టుట లేదు. మాలో ఎవరికి తెలుసు. గేటు కాడ నిలబడితే పెద్ద దవాఖాన కనపడుతూనే ఉంటుంది.

4. ఆ బోర్డు కింద నేల తుడుచుట నా డ్యూటీలోనిదే. డ్యూటీ మార్చమని అడుగుట లేదు. ఏడుపు కూడా వచ్చుట లేదు. తుడుచుకుంటూ పోతున్నాను.

కావున బోర్డు తీయనక్కర లేదు. "స్వాగతం" అను మాట తీయించి, "ఇది సలాం కాదు. మనిషి ఇట్లా ఛాతీ పట్టుకొని, చెమటలు పోసి, దవడో భుజమో నొస్తున్నదంటే కూర్చోబెట్టి వెంటనే 108కు ఫోన్ చేయవలెను" అని రాయించగలరు. కార్లలో వచ్చేవారు బదులు సలాం చేసి పోకుండా ఒకసారి మొహం కూడా చూడవలెనని దాని కింద చేర్పించగలరు.

ఈ నా మనవి దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రేణుక

మరిచిన సంగతి: సారూ, ఆడ తుడుస్తుంటే రోజు నా చెయ్యి ఫోన్ మీదికే పోతున్నది. నిన్న 108కు కొట్టిన. "ఎవరికేమైందమ్మా, ఎక్కడున్నరు" అని అడిగిండ్రు. రెండో గేటు కాడ అని చెప్పిన. ఇగ తర్వాత ఏం చెప్పాలెనో తెల్వలే. జర జల్ది రాయించుండ్రి.