మునెమ్మ ఇండ్లు

2 ఫిబ్రవరి 1944
మిట్ట మీదికి వచ్చేశాం. చెరువు తెగి పాత ఊరంతా కొట్టుకుపోయింది, ఇంకేముందని అక్కడ... ఇక్కడా రాళ్ళు, తుమ్మకంప. అయినా వరద ఎక్కదు. నాయన ముఖంలో ఇన్నాళ్ళకు నవ్వు.

9 ఫిబ్రవరి
కొట్టాలు లేచాయి. ఊరికో పేరు రాసుకోమని నాయన అడిగితే కరణం వచ్చి చూసి, "నాలుగు కొట్టాలకు పేరెందుకప్పా?" అని నవ్వి పోయాడు. నాయనకు ఒళ్ళు మండింది. బొడ్డురాయి నాటితే గానీ ఊరు కాదట. నాటాల్సిందేనని పట్టు.

16 ఫిబ్రవరి
ఊరి నడుమ బొడ్డురాయి నాటాం. పొట్టేలును కోసి, నెత్తుటి అన్నం ఊరి చుట్టూ పొలి చల్లాం. ఇక మూడు రోజులు ఎవరూ పొలిమేర దాటకూడదు. రాయికి తనే బొట్టు పెడతానని మా బిడ్డ మునెమ్మ ఒకటే గోల. పెట్టింది. తన ముక్కంతా కుంకుమ!

17 ఫిబ్రవరి
మునెమ్మకు వాంతులు, భేదులు. "బండి కట్టు మామా, తిరపతి ఆస్పత్రికి పోదాం" అని నా పెళ్ళాం సుబ్బులు చెయ్యి పట్టుకుంది. కట్టాను. నాయన ఎద్దులకు అడ్డంగా నిలబడ్డాడు.
"పొలి సల్లినాం రా. ఇప్పుడు దాటితే ఊరు నిలవదు. ఇంకెన్ని తూర్లు కొంపలు మోసుకోని తిరగల్ల?"
అందరూ నన్నే చూస్తున్నారు. ఎద్దులను విప్పేశాను.

18 ఫిబ్రవరి
బిడ్డ కళ్ళు లోతుకు పోయాయి. నీళ్ళు, నీళ్ళు అంటుంది. తాగింది నిలవదు. రేపటితో పొలిమేర కట్టు తీరుతుంది... రేపటిదాకా.

19 ఫిబ్రవరి
పొద్దున్నే పోయింది.

24 ఫిబ్రవరి
నాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. అబద్ధం రాయను, నిజంగానే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని అందరినీ పిలిచాడు— "ఊరికి నా మనవరాలి పేరే. మునెమ్మ ఇండ్లు." అందరూ సరేనన్నారు. నేనూ తలూపాను. సిగ్గులేని తల.
సుబ్బులు ఒకటే మాట— "నేనీడ ఉండను."

8 మార్చి
పుట్టింటికి పోతుందా? చెప్పదు. వండుతుంది, పెడుతుంది, నా వైపు చూడదు.

15 మార్చి
గాజులాయన వచ్చాడు. వాకిట్లో సుబ్బులు చెరుగుతోంది.
"మునెమ్మ ఇండ్లు ఇదేనామ్మా?"
చేట ఆగింది. "మునెమ్మ లేదన్నా. ఇండ్లుండాయి, రా."
నాయన లేచి లోపలికి పోయాడు. సుబ్బులు నా ముఖంలోకి చూసింది— ఎద్దులను విప్పినప్పటి నుంచి ఇదే మొదటిసారి.